కంచాల మీద పేర్లు

ఒక ఆదివారం పొద్దున్న పనేమీ లేక మా ఊరి కాలవ గట్టున కూర్చుని, నీళ్ళలో ఏమేం తేలుతున్నాయో చూశాను. గుర్రపుడెక్క మధ్య తెల్లటి టీ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, బిర్యానీ డబ్బాల మూతలు, ఎవరి పెళ్ళిలోనో వాడిన ప్లేట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోతున్నాయి. మా కాలవ కొల్లేట్లో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి వెళుతుంది. అంటే మా ఊళ్ళో టీ తాగి పారేసిన గ్లాసుకు సముద్రం చూసే అవకాశం ఉంది. తాగినాయన మాత్రం ఆకివీడు దాటి వెళ్ళడు.

నేను తాడేపల్లిగూడెంలో కాలేజీ పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. రోజూ గణపవరం మీదుగా బస్సులో వెళ్ళి వస్తాను. మా నాన్న నాస్తికుడు, సంఘసంస్కరణ సభల్లో వక్త. మిగతా పిల్లల్ని తండ్రులు తిరునాళ్ళకు తీసుకెళితే, ఆయన నన్ను వాదసభలకు తీసుకెళ్ళేవారు. ఎదుటివాడు ఒప్పుకునేదాకా వాదించడం, ఒప్పుకున్నాక కూడా ఇంకాసేపు వాదించడం అక్కడే నేర్చుకున్నాను. కాబట్టి పంచాయతీవాళ్ళు ప్లాస్టిక్ నిషేధం మీద గ్రామసభ పెడుతున్నాం, నాలుగు ముక్కలు మాట్లాడాలని అడిగినప్పుడు నలభై నిమిషాలు మాట్లాడాను.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద ప్రభుత్వ నిషేధం అప్పటికే ఉంది. ఉందని దుకాణాల్లో బోర్డులు కూడా ఉన్నాయి. బోర్డు కింద గ్లాసులు అమ్ముతారు. అందుకని మా పంచాయతీ సొంతంగా ఒక తీర్మానం చేసింది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా, చావు భోజనమైనా, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు వాడకూడదు. వాడితే జరిమానా. కాలవలో పడిన ప్లాస్టిక్ పొడిపొడి అయి చేప కడుపులోకి ఎలా వెళుతుందో, చేప నుంచి మన కడుపులోకి ఎలా వస్తుందో నేను వివరించాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అది నన్ను కొంత నిరుత్సాహపరిచింది. చివరికి వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"బాగా చెప్పారండీ మాస్టారూ. మరి దేంట్లో తినమంటారండీ?"

స్టీలు కంచాల్లో తినమన్నాను. ఊరందరికీ కలిపి నాలుగు వందల కంచాలు ఒకచోట పెడదాం, ఎవరింట్లో భోజనాలుంటే వాళ్ళు ఊరికే తీసుకెళ్ళి, పనయ్యాక తిరిగి ఇచ్చేస్తారు, దీన్ని కంచాల బ్యాంకు అందాం అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కంచాలు విరాళంగా ఇవ్వమని అడిగాను. అప్పుడూ చప్పట్లు కొట్టారు.

రెండు వారాల్లో పదకొండు కంచాలు వచ్చాయి. అందులో ఆరు మావే. మా ఆవిడ అప్పుడు చెప్పింది.

"పేరు కొట్టించుకోవచ్చని చెప్పండి. రేపటికల్లా వస్తాయి."

ఆవిడ చెప్పిందాంట్లో తప్పులేదు. మా వైపు గృహప్రవేశమైనా, పెద్దకర్మైనా వచ్చినవాళ్ళకు ఓ స్టీలు గిన్నో, పళ్ళెమో ఇచ్చి పంపుతారు. దాని మీద పేరు లేకపోతే ఇచ్చినట్టు కాదు. ప్రతి ఇంట్లోనూ వంటగది అలమర తీసి చూస్తే ఊళ్ళో పోయినవాళ్ళంతా వరసగా కనిపిస్తారు. ఏలూరులో గిన్నెల కొట్టుకు వెళితే, కొన్న వస్తువు కంటే దాని మీద రాయించే ముక్కల గురించే జనం ఎక్కువసేపు ఆలోచిస్తారు. ఈ అలవాటును నేను గతంలో ఒక వ్యాసంలో విమర్శించాను. కానీ పేరు చెక్కితే కంచానికి వచ్చే నష్టమేమీ లేదు, పైగా నాలుగు వందల కంచాలు వస్తాయి అని తర్కించుకుని, సరే అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో పొరపాటు ఎక్కడ జరిగిందని ఎవరైనా అడిగితే, ఇక్కడ. చేసింది నేను.

పది రోజుల్లో నాలుగు వందలు దాటాయి.

మా ఊరు రెండు భాగాలు. కాలవకు ఇవతల ఊరు, అవతల పేట. పేటలో ఉండేది దళిత క్రైస్తవులు. పాత మిషన్ వాళ్ళు కట్టిన చర్చి, బడి అక్కడే ఉన్నాయి. ఊళ్ళోంచి వచ్చిన కంచాల మీద "కీర్తిశేషులు ఫలానావారి జ్ఞాపకార్థం" అని ఉంది. పేటలోంచి వచ్చిన వాటి మీద "ప్రభువునందు నిద్రించిన ఫలానావారి జ్ఞాపకార్థం" అని ఉంది. రెంటినీ కలిపి దొంతరలు పెట్టించాను. చూడ్డానికి బావుంది. ఊరంతా ఒకచోట చేరినట్టుందని పంచాయతీ కార్యదర్శితో అన్నాను కూడా.

కార్యదర్శి ముప్పై ఏళ్ళలోపు అమ్మాయి. పంచాయతీ అన్నాక కుళాయి నుంచి కుక్కల బెడద దాకా ఆమె మీదే పడుతుంది. కంచాలు చూసుకోవడానికి మనిషి కావాలంటే, పేటలో ఉండే ఒక పారిశుధ్య కార్మికురాలిని పెట్టింది. ప్రభుత్వ కాగితాల్లో ఈ ఉద్యోగం పేరు గ్రీన్ అంబాసిడర్. రాయబారులు సాధారణంగా చేయని పనులు చేయిస్తారు. ఈ రాయబారి ఆరేళ్ళుగా మూడు చక్రాల చెత్త రిక్షా తోస్తోంది. వయసు యాభై దాటింది. కుడి మోకాలు వాచిపోయి ఉంటుంది. ఇక బరువు తోస్తే నడక కూడా కష్టమని ఏలూరు డాక్టరు చెప్పాడు. అందుకని చెత్త షెడ్డు పక్కన కంచాలు పెట్టిన గది తాళంచెవి ఆమెకిచ్చి, రిక్షా వేరే వాళ్ళకిచ్చారు.

తాళంచెవి కొంగున ముడేసుకుని ఆ మర్నాడే మా ఇంటి ముందు నుంచి వెళ్ళింది. ఆ దారిన ఆమెకు పనేమీ లేదు.

"మాస్టారండీ, మీ బ్యాంకుకి మేనేజర్ని నేనేనండీ," అంది.

"మరి నాకు అప్పిస్తారా?"

"కంచాలు ఇస్తానండీ. అన్నం మీరే వండుకోవాలి."

పది కంచాలు ఆమె కూడా ఇచ్చింది, వాళ్ళమ్మ పేరు మీద. వాళ్ళమ్మ జీవితమంతా ఊరివాళ్ళ చేలల్లో నాట్లు వేసిన మనిషి. కంచం మీద పేరు రాయించేటప్పుడు ఏలూరు కొట్టువాడు "ఇంటిపేరు కూడా వెయ్యాలామ్మా?" అని అడిగితే, "మొత్తం వెయ్యి బాబూ, చోటుంది కదా" అన్నానని నాకు చెప్పింది.

మొదటి భోజనాలు ఒక చేపల చెరువుల ఆసామి ఇంట్లో వచ్చాయి. కొత్త మేడ కట్టాడు. గృహప్రవేశానికి మూడు వందల మందికి భోజనాలు. మామూలుగా అయితే అలాంటి వాటికి సామాన్లు అద్దెకిచ్చే సప్లై కంపెనీ నుంచి ప్లేట్లు తెప్పిస్తారు. కానీ అది పెళ్ళిళ్ళ కాలం. ఆ ముహూర్తానికి భీమవరం నుంచి మండవల్లి దాకా ప్లేట్లన్నీ ఎవరో ఒకరు మాట్లాడేసుకున్నారు. అరిటాకులు తెప్పిద్దామంటే, అంతకు ముందే గాలివాన వచ్చి గోదావరి లంకల్లో తోటలు పడుకున్నాయి. సరిగ్గా ఇలాంటి అవసరానికే కదా బ్యాంకు పెట్టింది అని నేను సంతోషించాను.

ఆసామి పాలేరు ట్రాక్టరు తీసుకుని గది దగ్గరికి వెళ్ళాడు.

"మనవాళ్ళ కంచాలు ఇమ్మన్నారమ్మా."

"మనవాళ్ళంటే ఎవరండీ?" అందిట ఆమె.

పాలేరు కాసేపు ఆలోచించి, ఆ సంగతి చెప్పలేదని ఫోను చేసి కనుక్కున్నాడు. కనుక్కున్నాక చెప్పలేక, ట్రాక్టరు అక్కడే వదిలేసి టీ తాగడానికి వెళ్ళాడు. ఆమె గదికి తాళం వేసి మా ఇంటికి వచ్చింది. గేటు బయటే నిలబడింది.

"లోపలికి రండి," అన్నాను.

"పర్లేదండీ. కంచాలు ఏరి ఇవ్వమంటారా అండీ, కలిపి ఇవ్వమంటారా?"

"ఏరడం ఏమిటి? అన్నీ ఒకటే సైజు కదా."

ఆమె మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ నా వైపు చూసింది. నాకు తప్ప అక్కడ అందరికీ అర్థమైంది.

"పేర్లు చూసి ఏరమంటున్నారు," అని మా ఆవిడ నాకు చెప్పింది, పిల్లవాడికి చెప్పినట్టు. "పేట పేర్లున్న కంచాల్లో వాళ్ళు తినరు."

నాకు కోపం వచ్చింది. కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చింది. దానికో కారణం ఉంది. నా చిన్నప్పుడు మా ఊరి టీ కొట్టులో ఊరివాళ్ళ గ్లాసులు బల్ల మీద ఉండేవి. పేటవాళ్ళ గ్లాసులు తాటాకు చూరులో దోపి ఉండేవి. వచ్చినవాడు చూరులోంచి తీసుకుని, బయట నిలబడి తాగి, కడిగి మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళాలి. నాన్న దాని మీద పోరాడారు, కొట్టువాడి చేత తిట్లు కూడా తిన్నారు. అది పోలేదు. తర్వాత ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాయి. అందరికీ ఒకే గ్లాసు. చూరు ఖాళీ అయింది. మా ఊళ్ళో రెండు గ్లాసుల పద్ధతి అంతరించిందని నేను ఒక చిన్న పత్రికలో గర్వంగా వ్యాసం రాశాను. విద్య, ప్రచారం, చైతన్యం వల్ల ఇది సాధ్యమైందని రాశాను. గ్లాసు తాగి పారేస్తున్నారు కాబట్టి ఒకరి ఎంగిలి గ్లాసు కడిగి ఇంకొకరికి ఇవ్వాల్సిన అవసరమే రాలేదన్న సంగతి నాకు తట్టలేదు. మా నాన్న ఉపన్యాసాలతో చేయలేని పనిని ఆ గ్లాసు మాట్లాడకుండా చేసింది. అంటే అది అంటరానితనాన్ని తీసేయలేదు, పరీక్ష పెట్టడం మానేసింది. ఇప్పుడు నేనే ఆ గ్లాసును నిషేధింపజేసి, ఊరికి మళ్ళీ పరీక్ష పెట్టాను. పైగా ప్రశ్నపత్రం మీద పేర్లు చెక్కించాను.

సాయంత్రం ఆసామి ఇంటికి వెళ్ళాను. చాలా మర్యాదగా కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇప్పించాడు.

"నాకేం పట్టింపు లేదండీ మాస్టారూ. మీకు తెలుసు కదండీ. మా అత్తగారు పెద్దావిడండీ, ఆవిడ ఒప్పుకోరు."

లోపలికి వెళ్ళి అత్తగారిని అడిగాను. ఎనభై ఏళ్ళావిడ, చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"నాకేంటి బాబూ, పోయేదాన్ని. వియ్యాలవారు వస్తున్నారు, వాళ్ళకి పట్టింపు."

ఆ వియ్యాలవారిలో ఒకాయన తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు దగ్గరే ఉంటాడు. మర్నాడు కాలేజీ అయ్యాక ఆయన్నీ కలిశాను. తనకసలు ఇలాంటివి నచ్చవని, ఆసామి వాళ్ళే కాస్త పాతకాలపు మనుషులని, వాళ్ళని నొప్పించడం ఇష్టంలేక ఊరుకుంటున్నానని చెప్పాడు. ఈ విధంగా ముగ్గురిని విచారించాక తేలిందేమిటంటే, పట్టింపు ఉంది, పట్టింపున్న మనిషి మాత్రం లేడు.

తిరిగి ఆసామి దగ్గరికి వెళ్ళి వాదించాను.

"సప్లై కంపెనీ ప్లేట్లలో ఇన్నాళ్ళూ తిన్నారు. వాటిలో అంతకుముందు ఎవరు తిన్నారో అడిగారా?"

"అడగలేదండీ. వాటి మీద రాసుండదు కదండీ. తెలియనప్పుడు పట్టింపేముంటుందండీ?"

అంటరానితనానికి చదువు రావాలని నాకు అప్పుడే తెలిసింది.

"మీ ఇంట్లో అంట్లు తోమేది పేట మనిషే కదండీ?"

"ఆవిడేనండీ. ఇరవై ఏళ్ళ బట్టీ. బంగారంలాంటి మనిషి."

"మరి?"

"కడగడం వేరండీ, తినడం వేరండీ," అని ఆయన నాకు ఓపిగ్గా విడమరిచాడు. తర్వాత ఇంకా మర్యాదగా అన్నాడు: "మీకు ఇబ్బంది ఎందుకండీ. నేను ప్లాస్టిక్ ప్లేట్లే తెప్పించి, ఆ జరిమానా ఏదో కట్టేస్తానండీ."

జరిమానా అనేది తప్పు చేయకుండా ఆపడానికి పెట్టింది. ఆయన దాన్ని టికెట్టు అనుకున్నాడు.

విషయం కార్యదర్శి దాకా వెళ్ళింది. ఆమె నన్నూ, తాళంచెవి ఉన్న ఆమెనూ పిలిపించింది. నెలాఖరుకు ఏలూరు నుంచి అధికారులు వస్తున్నారు, బ్యాంకు నుంచి ఒక్క కంచం కూడా బయటికి వెళ్ళలేదంటే ఇది దండగని మూసేస్తారు అని చెప్పింది. పేటలో ఎవరింట్లోనూ ఆ నెల భోజనాలు లేవు. చర్చి విందుకు ఇంకా టైముంది.

"నాకు ఒక ఆలోచన వచ్చిందండీ. రెండు అరలు చేయిద్దాం. ఊరివి పై అరలో, పేటవి కింది అరలో. ఎవరికి కావలసినవి వాళ్ళు తీసుకెళతారు. గొడవ ఉండదు కదండీ."

"అది అంటరానితనం అమ్మా," అన్నాను.

"అయ్యో, అంత మాట అనకండి సార్. నేను అరలు అన్నానండీ."

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న ఆమె అడిగింది. "పైన, కింద ఎవరు సర్దుతారండీ?"

"నువ్వే కదమ్మా, నీ డ్యూటీ."

"మా అమ్మని నేనే కింద పెట్టాలాండీ?"

కార్యదర్శి టేబుల్ మీది కాగితాలు సర్దుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. "చూడమ్మా, బ్యాంకు మూసేస్తే నిన్ను గదిలో ఉంచడానికి నాకు పోస్టు ఉండదు. మళ్ళీ రిక్షా మీదకే పంపాలి. నా చేతుల్లో ఏం లేదు. రెండు రోజులు ఆలోచించుకో," అంది.

బయటికి వచ్చాక నేను ఆవేశంగా మాట్లాడాను. అంటరానితనం నేరం, చట్టం ఉంది, ఫిర్యాదు నేను రాస్తాను, మీరు సంతకం పెడితే చాలు అన్నాను. ఆమె మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుంది.

"మీరు రాస్తారండీ. బాగా రాస్తారు. ఎవరి మీద రాస్తారండీ?"

ముగ్గురిని నేనే విచారించి ఎవరూ లేరని తేల్చాను.

"పోనీ, ఆ పేర్లు అరగదీయిద్దాం. తాడేపల్లిగూడెంలో పాలిష్ పట్టేవాళ్ళున్నారు. పేర్లు లేకపోతే అన్నీ ఒకటే."

"ఊరివాళ్ళు ఊరుకుంటారాండీ? వాళ్ళ నాన్నలవి, తాతలవి."

"మీరు ఊరుకుంటారా?"

"నేనూ ఊరుకోనండీ," అంది. "మా అమ్మ పేరు ఇంకెక్కడా లేదండీ. రేషన్ కార్డులోంచి కూడా కొట్టేశారు."

ఆ రెండు రోజులూ నేను క్లాసులో సరిగ్గా పాఠం చెప్పలేదు. నా వల్ల వచ్చిన చిక్కుకు ఆమె మోకాలు సమాధానం చెప్పాల్సి వస్తోంది. రెండో రోజు సాయంత్రం ఏం నిర్ణయించుకున్నారని అడగడానికి గది దగ్గరికి వెళితే, కార్యదర్శి పంపిన వడ్రంగి అప్పటికే అరలు బిగించి వెళ్ళాడు. కింది అర ఖాళీగా ఉంది. కంచాలన్నీ పై అరలోనే, కలిసే ఉన్నాయి. పట్టక కొన్ని నేల మీద గుడ్డ పరిచి పెట్టింది.

"ఏరి ఇవ్వనండీ," అంది. "ఇస్తే అన్నీ ఇస్తాను. రిక్షా అయితే రిక్షా."

ఇక్కడ మా వాదనల వల్ల ఏదైనా జరిగిందని రాయడానికి నాకు అవకాశం లేదు. జరిగింది ఇది. గృహప్రవేశానికి మూడు రోజుల ముందు ఏలూరు నుంచి అధికారులు వచ్చి ఆకివీడు దుకాణాల మీద దాడి చేశారు. నిషేధం వచ్చాక నిజంగా దాడి చేయడం నేను చూసినంతలో అదే మొదటిసారి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, అరిటాకు బొమ్మ అచ్చు వేసి లోపల ప్లాస్టిక్ పూత పూసిన కాగితపు ఆకులు, అన్నీ లారీకి ఎక్కించారు. ఆసామి అడ్వాన్సు ఇచ్చిన సరుకూ అందులోనే ఉంది. గుడివాడకు మనిషిని పంపినా దొరకలేదు. అక్కడా షాపుల వాళ్ళు భయపడి దాచేశారు.

గృహప్రవేశానికి ముందు రోజు ఆయనే స్వయంగా గది దగ్గరికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"ఏమ్మా, ఊళ్ళోవాళ్ళ పేర్లున్నవి ఎన్ని ఉంటాయి?"

"నాకు చదువు రాదండీ."

ఆమె ఏడో తరగతి దాకా చదివింది. చర్చిలో వాక్యం చదువుతుంది.

"నూట డెబ్భై ఉంటాయేమో కదా? మధ్యలో కడిగించుకుని రెండు బంతులకీ సర్దుకుంటాను. అవి తీసివ్వు."

"తియ్యనండీ. కావాలంటే మూడొందలూ తీసుకెళ్ళండి. తీసుకెళ్ళకపోతే మానండి. నా డ్యూటీ కంచాలు ఇవ్వడమండీ, పేర్లు చదవడం కాదు."

ఆయన నా వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్న నేను గది తలుపు రెండో రెక్క కూడా తెరిచాను. ఆయన కాసేపు మేఘాలు చూసి, "సర్లే, ఎక్కించండ్రా," అన్నాడు.

మర్నాడు ముహూర్తం కాస్త ఆలస్యమైంది. మొదటి బంతి లేచేసరికి రెండున్నర అవుతుందని తెలిసిపోయింది. షామియానా కింద బల్లల మీద కంచాలు వేశారు. వచ్చినవాళ్ళు కూర్చోకుండా బల్లల వెంట నెమ్మదిగా నడుస్తూ, వంగి కంచాలు చూస్తున్నారు. పరీక్ష హాల్లో నంబరు వెతుక్కునే పిల్లల్ని నేను ఏటా చూస్తాను, అచ్చం అలాగే. ఒకాయన కూర్చుని, కంచం చూసుకుని, ఫోను వచ్చినట్టు లేచి వెళ్ళాడు. ఫోను రాలేదు. మా ఆవిడ నడుచుకుంటూ వచ్చి దొరికిన మొదటి కుర్చీలో కూర్చుంది. ఆవిడ ముందున్న కంచం మీద "ప్రభువునందు నిద్రించిన" అన్న మాటలు నాకు స్పష్టంగా కనిపించాయి.

"పులిహోర ఇటు తెండి బాబూ, ఆకలేస్తోంది," అంది గట్టిగా.

పక్కన నేను కూర్చున్నాను. వడ్డించేవాళ్ళు పులిహోర, పనసపొట్టు కూర, బూరెలు వరసగా వేసుకుంటూ పోయారు. అన్నం పడ్డ కంచం మీద పేరు కనపడదు. ఈ సంగతి నేను ముందు ఆలోచించలేదు. నిలబడ్డవాళ్ళు ఆలోచించినట్టున్నారు. ముందుగా వడ్డించేసిన కంచాల దగ్గర ఒక్కొక్కరే కూర్చోవడం మొదలుపెట్టారు. పనసపొట్టు వాసన కూడా కొంత పని చేసింది.

ఆసామి అత్తగారిని చేయి పట్టుకుని తీసుకొచ్చి మా ఎదురుగా కూర్చోబెట్టారు. ఆవిడ కంచంలో ఇంకా ఏమీ వేయలేదు. కళ్ళజోడు లేదు. ఆవిడ వేలితో కంచం మీది అక్షరాలు తడిమింది. కంచాలు తిరిగి తీసుకోవడానికి మా బ్యాంకు మేనేజరు షామియానా చివర గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ముసలావిడకు ఆమే కనిపించింది.

"ఏమే, ఇటు రా. దీని మీద ఏం రాసుందే?"

ఆమె వచ్చి వంగి చూసింది. చుట్టుపక్కల నమలడం ఆగింది.

"మా అమ్మ పేరండీ."

"మీ అమ్మంటే? మా పల్లపు చేలో నాట్లకొచ్చేది, గొంతు పెద్దది, అదేనా?"

"ఆవిడేనండీ."

"దానికి కంచం ఉందటే?"

"బతికుండగా లేదండీ."

ముసలావిడ వేలు ఇంకా అక్షరాల మీదే ఉంది. నేను మా ఆవిడ వైపు చూస్తే, మాట్లాడొద్దని కళ్ళతో చెప్పింది. వడ్డించే కుర్రాడు పప్పు గరిటె పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"ఏరా, అలా చూస్తావేం? పప్పు వెయ్యి," అంది ముసలావిడ. "నెయ్యి కూడా."

ఆ రోజు మూడు వందల పైన జనం తిన్నారు. ఫోను వచ్చినాయన కూడా రెండో బంతిలో తిన్నాడు. కంచాలన్నీ సాయంత్రానికి గదికి తిరిగి వచ్చాయి. నెలాఖరుకు ఏలూరు అధికారులు వచ్చి, బ్యాంకు వాడకంలో ఉందని చూసి, బావుందన్నారు. ఆమెను గదిలోనే ఉంచారు. మా ఊరిని ప్లాస్టిక్ లేని గ్రామమని మెచ్చుకుంటూ నాకు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. తడవకుండా ఉంటుందని దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించారు.

ఇక్కడితో ఆపితే బావుండేది. మూడు వారాల తర్వాత ఆసామి ఏలూరు వెళ్ళి మూడు వందల స్టీలు కంచాలు కొన్నాడు. అన్నిటి మీదా ఆయన ఇంటిపేరే. ఊళ్ళో మరో ఇద్దరు కూడా కొన్నారు. వాళ్ళలో వాళ్ళు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. ఇప్పుడు మా కాలవలో పెళ్ళి ప్లేట్లు తేలడం లేదు. చట్టం గెలిచింది. నేను గ్రామసభలో కోరింది కోరినట్టు జరిగింది. రెండు గ్లాసులు పోయి రెండు బ్యాంకులు వచ్చాయి.

ఈ మాట ఆమెతో అనడానికి ఒక శనివారం గది దగ్గరికి వెళ్ళాను. మర్నాడు చర్చి విందు. దానికి నాలుగు దొంతరలు కడిగి, బయట బల్ల మీద బోర్లించి ఉన్నాయి. ఆమె స్టూలు మీద కాలు చాపుకుని కూర్చుని ఒక్కొక్కటీ తుడుస్తోంది. నేను నిలబడి అంతా చెప్పాను. చట్టం మనిషి చేతిలోని వస్తువును మార్చగలదు కానీ మనిషిని మార్చలేదని, మనం ఓడిపోయామని, తప్పు నాదేనని, కాస్త పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

ఆమె మధ్యలో ఆపలేదు. నేను ముగించాక అంది.

"ఆ రోజు తిన్నారు కదండీ."

"తిన్నారు. కానీ తర్వాత వేరే కొనుక్కున్నారు కదా."

"కొనుక్కోనివ్వండి. తిన్నది మళ్ళీ బయటికి రాదు కదండీ. ఆ ముసలావిడ రెండోసారి కూడా పప్పు వేయించుకుంది, నేను చూశాను."

ఆమె పక్కనున్న గుడ్డ ఒకటి తీసి నాకిచ్చింది. నేను బల్ల అంచున కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. మూడో కంచం దగ్గర ఆమె చేయి చాపి, నేను తుడిచి పక్కన పెట్టిన మొదటి రెండూ వెనక్కి తీసుకుంది.

"అంచులు తడిగానే వదిలేశారండీ," అంది.